తూకం అక్క రాసిన బరువులు

ఆ ఊళ్ళో ఆమెను పేరుపెట్టి పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. బడిపిల్లల దగ్గర్నుంచి ఆమెకంటే పదేళ్ళు పెద్దవాడైన కెప్టెన్ దాకా అందరికీ ఆమె తూకం అక్కే. చుట్టూ కొండలున్న ఆ ఊరి విమానాశ్రయంలో, నాలుగు ఊళ్ళ మధ్య తిరిగే ఓ బుల్లి విమానాల కంపెనీలో, మనుషుల్ని తూచడం ఆమె ఉద్యోగం. వినడానికి వేళాకోళంగా ఉంటుంది గానీ ఆ పని జరక్కపోతే విమానం లేవదు. పెద్ద విమానాలవాళ్ళు మనిషికింత బరువని ఓ లెక్క వేసుకుని దర్జాగా ఎగిరిపోతారు. పందొమ్మిది సీట్ల విమానానికి ఆ దర్జా కుదరదు. నలుగురు లావుపాటి అన్నదమ్ములు ఒకేసారి ఎక్కారంటే దాని పని అయిపోయినట్టే. అందుకని ఎంతటివాడైనా సరే, చేతిలో సంచితో సహా ఆమె ముందున్న తూకం మీద నిలబడాల్సిందే.

మొదట్లో దీనికి ఊరు ఊరంతా మొహం మాడ్చుకుంది. ఒక వకీలుగారి భార్య అయితే "నేనేమన్నా బస్తానా?" అని అక్కడికక్కడే వెనక్కి తిరిగి ఇంటికి వెళ్ళిపోయింది. అప్పుడు అక్క ఒక ఉపాయం చేసింది. తూకం ముల్లును తనవైపు తిప్పించి, చుట్టూ అట్టముక్కలు అడ్డం పెట్టించింది. అంకె చూసేది తనే, కాగితం మీద వేసేది తనే. పైకి ఒక్క ముక్క అనదు. వకీలుగారి భార్య మరుసటి నెల్లోనే విమానం ఎక్కింది. హెడ్మాస్టరుగారొక్కరే చివరిదాకా దారికి రాలేదు. చెప్పులు విప్పి, జేబులో తాళాలగుత్తి తీసి పక్కన పెట్టి తూకం ఎక్కేవారు. దిగాక అన్నీ మళ్ళీ తగిలించుకునేవారు.

"అవి కూడా మీతోపాటే ఎగురుతాయి కదా మాస్టారూ?"

"ఎగిరితే ఎగురుతాయి. అవి నా బరువు కాదుగా!"

అక్క ఆ చెప్పులకీ తాళాలకీ తనే ఓ అంచనా కట్టి కలుపుకునేది. ఆ కాగితం తీసుకెళ్ళి కెప్టెన్ చేతికిస్తే ఆయన అడుగున కూడిక ఒక్కటే చూసి సంతకం పడేసేవాడు. పై అంకెల జోలికి ఏనాడూ పోలేదు. అక్క రాసిందంటే రాసిందే.

కంపెనీ పెట్టినాయన అసలు బస్సుల ఆసామి. రోడ్డు మీద బస్సు నడిపినట్టే గాల్లో విమానం నడిపితే తప్పేమిటనుకున్నాడు. మూడు విమానాలు తెచ్చాడు, మూడూ ఒకరు వాడి వదిలేసినవే. వాటికి తన బస్సుల రంగే వేయించాడు. మొదటిది దిగిన రోజున ఊళ్ళో దుకాణాలు మూసేసి జనం కంచె పట్టుకుని నిలబడ్డారు. రోడ్డు మీద ఒక పగలూ ఒక రాత్రీ పట్టే ప్రయాణం గంటలో అయిపోతుంటే ఎవరికి చేదు? కొన్నేళ్ళు బాగానే నడిచింది. అక్కే టిక్కెట్టు చించేది, అక్కే మైకులో పిలిచేది, రన్‌వే మీదికి మేకలొస్తే స్కూటరేసుకుని వెళ్ళి అక్కే తోలేది.

తర్వాత ఒక విమానాన్ని అద్దెకిచ్చినవాళ్ళు వచ్చి పట్టుకుపోయారు. రెండోదాన్ని షెడ్డులో నిలబెట్టి, ఎగిరేదానికి ఏ సామాను అవసరమొచ్చినా దాన్లోంచి విప్పుకోవడం మొదలెట్టారు. చూస్తుండగానే దానికి చక్రాలు పోయాయి, ప్రొపెల్లర్లు పోయాయి, చివరికి పైలట్ సీటు కూడా పోయి ఇటుకల మీద కూర్చుంది. మిగిలింది ఒక్కటి. ఇది చాలదన్నట్టు విమానాలకు ఇంధనం తెచ్చే ట్యాంకరు ఆ ఊరికి రావడం మానేసింది. దాంతో ఆ ఒక్కటీ నగరంలో బయలుదేరేటప్పుడే తిరుగు ప్రయాణానికి కావలసింది కూడా కడుపునిండా పోసుకుని వచ్చేది. ఆ బరువు మనుషుల బరువులోంచే తగ్గించుకోవాలి. పందొమ్మిది సీట్లున్నా పద్నాలుగు మందిని మించి ఎక్కించడానికి లేదు. ఎండాకాలం అదీ గగనమే, వేడిగాలి విమానాన్ని సరిగా మొయ్యదు. కళ్ళెదుట ఖాళీ సీట్లు కనబడుతుంటే చోటు లేదంటావేమని జనం అక్క మీద విరుచుకుపడేవారు. ఆసామి హాయిగా నగరంలో ఉంటాడు. తిట్లు తినడానికి ఇక్కడ అక్క ఉంది కదా!

అక్కకున్నది ఒక్కడే తమ్ముడు. అమ్మానాన్నలు పోయేనాటికి వాడికి ఇంకా మాటలు కూడా సరిగా రావు. ఎత్తుకుని పెంచింది. ఎవరైనా పెళ్ళి మాటెత్తితే "ముందు వీణ్ణో దారిలో పెట్టనీ" అనేది. వాడు దారిలో పడేసరికి ఆ మాటెత్తేవాళ్ళే లేకుండా పోయారు. తమ్ముడు దర్జీ అయ్యాడు. బడిపిల్లల యూనిఫాంలన్నీ వాడి మిషను మీంచే వచ్చేవి. "ఊళ్ళోవాళ్ళ నడుములు నాకు తెలుసు, బరువులు నీకు తెలుసు. ఇంక మన దగ్గర దాచుకోడానికి వాళ్ళకేం మిగిలిందక్కా?" అని నవ్వేవాడు. ఇంట్లో రెండే గదులు. ముందు గదిలో మిషను, వెనక గదిలో పొయ్యి, మధ్య గుమ్మంలో కూర్చుని ఇద్దరూ తినేవాళ్ళు.

అలాంటివాడికి ముప్ఫయ్యేళ్ళు నిండకుండానే రెండు కిడ్నీలూ చెడిపోయాయి. అక్క పరుగు పరుగున నగరానికి వెళ్ళి తన కిడ్నీ ఇస్తానంది. పరీక్షలన్నీ చేసి, నీకే షుగరుంది, నీది పనికిరాదని చెప్పి పంపేశారు. ఆమె బతుకులో అంత తల తిరిగిపోయిన రోజు ఇంకొకటి లేదు. ఇవ్వడానికి సిద్ధంగా ఉండి కూడా ఇవ్వలేకపోవడం ఉంటుందని ఆమెకు అప్పటిదాకా తెలియదు. అప్పట్నుంచి తమ్ముడు ఊరి ఆస్పత్రిలో మిషను మీద రక్తం శుద్ధి చేయించుకుంటూ బతుకుతున్నాడు. చేతి నరాలు గట్టిపడిపోయి సూది దిగడం కష్టమవుతోంది. ఇలా ఎంతో కాలం లాగలేమని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పేశాడు. నగరంలో పెద్దాస్పత్రివాళ్ళు మాత్రం వాడి పేరు రాసుకున్నారు. ఎవరైనా చనిపోయినవాళ్ళ కిడ్నీ సరిపడితే పిలుస్తాం, పిలిచిన రోజు సాయంత్రంలోగా రావాలి, రాకపోతే తర్వాతివాళ్ళకు పోతుందన్నారు. నాలుగేళ్ళుగా అక్క ఫోను చేతికందే దూరంలోనే పెట్టుకుని తిరుగుతోంది.

ఆ పిలుపు మంచి ఎండాకాలంలో, ఒక పొద్దున, ఆమె తూకం దగ్గర నిలబడి ఉండగా వచ్చింది.

"కిడ్నీ వచ్చిందమ్మా. సరిపోయింది. సాయంత్రంలోపు ఇక్కడుండాలి. రాగలరా?" అంది ఆస్పత్రి ఆవిడ.

"వస్తాడు. తప్పకుండా వస్తాడు" అంది అక్క. అనేశాక గడియారం వంక చూసింది. అంత దూరం రోడ్డు మీద సాయంత్రానికి చేరడం జరిగే పని కాదు. ఉన్నది ఈ విమానం. అది ఇంకాసేపట్లో లేస్తుంది. దానికి టిక్కెట్లన్నీ అయిపోయాయి. కంపెనీవాళ్ళ మనుషులు ఎక్కాలంటే చోటు మిగలాలి, మిగలకపోతే దిగిపోవాలి. ఆ నియమం జనానికి చెప్పీ చెప్పీ ఆమెకు నోరు నొప్పి పుట్టేది.

తమ్ముడు ఆటోలో వచ్చాడు. తనే కుట్టుకున్న తెల్లచొక్కా వేసుకున్నాడు, నూనె రాసి తల దువ్వుకున్నాడు. తూకం ఎక్కితే ముల్లు ఆమె అనుకున్నదానికంటే ముందుకు పోయింది. ఆస్పత్రి మిషను మీద పడుకోవాల్సిన రోజు ఆ రోజే. రెండు రోజుల నీరంతా ఒంట్లోనే ఉంది. తాగింది తాగినట్టు ఉండిపోవడమే ఆ జబ్బు.

"ఎక్కువుందా అక్కా?"

"లేదులే. వెళ్ళి ఆ నీడలో కూర్చో."

అక్క ప్రయాణికుల ముందుకు వెళ్ళి నిలబడింది. ఇన్నేళ్ళుగా వాళ్ళకు వినిపించిన గొంతు వేరు, ఆ రోజు గొంతు వేరు. "నా తమ్ముడికి కిడ్నీ దొరికింది. సాయంత్రంలోగా చేరాలి. మీలో ఎవరైనా ఒక్కరు ఎల్లుండి విమానానికి వెళ్తారా? కాళ్ళు పట్టుకుంటాను" అంది.

అందరూ అయ్యో పాపం అన్నారు. దిగుతానన్నవాళ్ళు మాత్రం లేరు. ఒకాయనకు కోర్టులో వాయిదా. ఒకావిడ వెంట తీసుకెళ్తున్న కూతురికి మర్నాడు పరీక్ష. ఒక ముసలాయనకు ఆ రోజే కంటి ఆపరేషను, దానికే ఏడాది ఆగాడు. పప్పుల వ్యాపారి అయితే, "వెనక అయిదు సీట్లు ఖాళీగా పెట్టుకుని నన్ను దిగమంటావేంటమ్మా? అందులో కూర్చోబెట్టు, ఎవరొద్దన్నారు?" అన్నాడు. బరువు సంగతి చెప్పబోయింది. ఎన్నేళ్ళు చెప్పినా ఎక్కని మాట ఆ రోజు మాత్రం ఎందుకెక్కుతుంది? పాపం కొందరు సంచులు వదిలి వెళ్తామన్నారు. అన్నీ కలిపి తూస్తే తమ్ముడి బరువులో మూడో వంతు కూడా రాలేదు.

ఇంక మిగిలింది కెప్టెన్‌ను అడగడం. అక్క విమానం వైపు రెండడుగులు వేసి ఆగిపోయింది. ఆయన మంచివాడే. కానీ బరువు దగ్గర మాత్రం మహా మొండి. ఒకసారి సొంత మావగారినే, బరువు ఎక్కువైందని మెట్ల మీంచి దించేశాడు. ఆ తర్వాత ఆర్నెల్లు అత్తగారింట్లో ఆయనకు గుమ్మం దాటే యోగం లేకపోయింది. అలాంటి మనిషి ఈమె తమ్ముడికోసం మెత్తబడతాడా? అడిగితే కాదంటాడు. అడక్కపోతే కాదనే పనే ఉండదు.

ఆమె బల్ల దగ్గరికి తిరిగి వచ్చి కాగితం ముందేసుకుంది. కోర్టాయన బరువులో కొంత కోసేసింది. పప్పుల వ్యాపారి బరువులో ఇంకాస్త ఎక్కువ కోసింది. పరీక్షపిల్లనూ, కంటి ఆపరేషను ముసలాయన్నూ కూడా వదల్లేదు. చివర్లో తమ్ముడి పేరు రాసింది. వాడికి ఎన్నడూ లేనంత సన్నటి బరువు వేసింది. కూడితే సరిగ్గా హద్దులోపల వచ్చింది. అట్టముక్కల వెనక ఆమె ఏం చూసిందో ఏం రాసిందో అడిగేవాళ్ళెవరూ లేరు. అలా ఎవరూ అడక్కుండా ఉండేలా ఏర్పాటు చేసుకున్నది ఆమే కదా. ఒక్క మనిషి, అంత మాత్రానికి ఏమవుతుందిలే అని తనకు తనే చెప్పుకుంది. ఆ మాట ఇంకెవరైనా అని ఉంటే చెడామడా కడిగేసేది.

కెప్టెన్ కిటికీలోంచి చెయ్యి చాపి కాగితం అందుకున్నాడు.

"పదిహేను మందా! ఏంటక్కా, ఇవాళ అందరూ తిండి మానేసి వచ్చారా?"

"ఎండలకి జనం ఎండిపోతున్నారు కెప్టెన్ గారూ" అంది అక్క, నవ్వుతూనే.

ఆయనా నవ్వి సంతకం పడేశాడు.

తమ్ముణ్ణి, సామాన్లెక్కించే ముసలి లోడరు భుజం పట్టి మెట్లెక్కించాడు. తలుపు వేసే ముందు అక్కవైపు ఒకసారి తేరిపార చూశాడు. "అమ్మాయ్, అంతా సరిగ్గానే ఉందా?" అన్నాడు. అక్క తలూపింది.

విమానం రన్‌వే చివరికి వెళ్ళి తిరిగింది. ఇంజన్లు గట్టిగా అరిచాయి. అక్క కంచె పట్టుకుని నిలబడింది. ఇన్నేళ్ళలో ఎన్ని వందలసార్లు చూసిందో ఆ పరుగు. సగం దూరంలో సున్నం కొట్టిన రాయి ఒకటుంది. అక్కడికొచ్చేసరికి అనుకున్న వేగం అందకపోతే ఆపేయడం కెప్టెన్ పద్ధతి. మామూలు రోజుల్లో ఆ రాయి చేరేసరికే విమానం ముక్కు తేలికపడుతుండేది. ఆ రోజు అది ఈడ్చుకుంటూ వస్తోంది. లేవవే, నా తల్లీ, ఈ ఒక్కసారికీ లేవవే అని అక్క పళ్ళ బిగువున అనుకుంటోంది. తమ్ముడు అటు చేరాలన్నది తప్ప ఆమెకు వేరే ధ్యాస లేదు. లోపలున్న తక్కిన వాళ్ళు ఆ క్షణాన ఆమెకు మనుషులు కారు. తర్వాత్తర్వాత ఆ సంగతి గుర్తుకొచ్చినప్పుడల్లా ఆమెకు తనమీద తనకే అసహ్యం వేసేది.

రాయి దగ్గర ఇంజన్ల హోరు తగ్గిపోయింది. విమానం ఆగి, తిరిగి, మెల్లగా షెడ్డు వైపు వచ్చింది.

కెప్టెన్ దిగి తిన్నగా ఆమె దగ్గరికి నడిచాడు. కోపంగా లేడు. కోప్పడినా బాగుండేది.

"బండి లేవలేదక్కా. లోపల ఏముంది?"

ఆయన కాగితం తీసి, ఇన్నేళ్ళలో మొదటిసారి, పైనుంచి ఒక్కొక్క అంకే చదివాడు. పప్పుల వ్యాపారి దగ్గర ఆగి తలెత్తాడు.

"ఎంత తగ్గించి రాశావు?"

"ఒక మనిషంత" అంది అక్క. "మా తమ్ముడు. కిడ్నీ వచ్చిందండీ. సాయంత్రంలోపు..."

కెప్టెన్ టోపీ తీసి చేత్తో మొహం తుడుచుకున్నాడు. "ఒక్క మాట నాతో అనలేకపోయావా? కాస్త ఇంధనం బయటికి తీయించేసి, దారిలో మధ్య ఊళ్ళో దిగి, అక్కడ ఇంకా దొరుకుతోందిగా, పోయించుకుని వెళ్ళేవాణ్ణి కదా. వీడి బరువుకి అది చాలు. అరగంట ఆలస్యమయ్యేది, అంతే."

"అయితే ఇప్పుడు చెయ్యండి! ఇప్పుడు తీయించండి!"

ఆయన కొండల వైపు చెయ్యి చూపించాడు. రెండు కొండల నడుమ విమానం దాటాల్సిన సందు మీద మబ్బు దిగుతోంది. ఎండాకాలంలో మధ్యాహ్నమయ్యేసరికి అది మూసుకుపోతుంది. మధ్య ఊరు దానికి ఇవతలే ఉంది.

"దిగి లేచేసరికి అది మూసుకుపోతుందక్కా. అందరం అక్కడే పడి ఉంటాం, మీ తమ్ముడితో సహా. పోతే ఇప్పుడే, నేరుగా పోవాలి. పొద్దున చెప్పుంటే..."

"మీరు మీ మావగారినే దించేశారు కదండీ! నన్నేం వింటారనుకున్నాను" అని అక్క ఏడ్చింది.

"ఆయన పోతున్నది ఎవరిదో పెళ్ళి భోజనానికి తల్లీ" అన్నాడు కెప్టెన్.

ఆయన వెనక్కి వెళ్ళి, ఎవరైనా ఒకరు దిగుతారా అని తలుపులోంచి ప్రయాణికుల్ని అడిగాడు. రన్‌వే మధ్యలో ఆగిపోయిన భయం వాళ్ళ మొహాల్లో ఇంకా ఉంది. సంగతేమిటో అప్పటికే లోపల పొక్కింది. "మా అందర్నీ చంపేదే! డబ్బులిచ్చి టిక్కెట్టు కొన్నవాళ్ళం మేం దిగాలా?" అని ఎవరో అరిచారు. పొద్దున అయ్యో పాపం అన్న నోళ్ళు కూడా మూతపడ్డాయి. వాళ్ళను అనడానికి అక్కకు నోరెక్కడిది?

"నేను దించలేనక్కా" అన్నాడు కెప్టెన్, ఆమెవైపు చూడకుండా.

అక్క మెట్ల దాకా వెళ్ళేసరికి తమ్ముడు అప్పటికే కమ్మీ పట్టుకుని దిగుతున్నాడు. ఒక్కో మెట్టు మీదా ఆగి ఊపిరి తీసుకుంటున్నాడు. చివరి మెట్టు దగ్గర ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"నా వల్లేనా అక్కా? ఎండకి ఉండలేక రాత్రి రెండు గ్లాసులు ఎక్కువ తాగేశాను. నీతో చెప్పలేదు, తిడతావని. ఆ నీళ్ళ బరువేనా?"

అక్క వాడి చెయ్యి తన భుజం మీద వేసుకుంది. వాణ్ణి నడిపించుకుంటూ తెచ్చి బల్ల పక్కనున్న బెంచీ మీద కూర్చోబెట్టింది. వెనకాల విమానం మళ్ళీ పరుగందుకుంది. ఈసారి రాయి దాటకముందే లేచింది. తమ్ముడు తలెత్తి దాన్ని చూస్తున్నాడు. అక్క చూడలేదు.

ఫోను మోగింది. ఆస్పత్రి ఆవిడ.

"బయలుదేరారామ్మా?"

"లేదండీ. రాలేడు."

"అదేంటి! పేషెంటుకి ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉన్నాడు. వాడి తప్పేం లేదు." అక్క కళ్ళు గట్టిగా మూసుకుంది. "విమానంలో మనుషుల బరువులు నేను తప్పు రాశాను. కావాలనే రాశాను. అందుకని ఆపేశారు. ఒక్క మాట చెప్పుంటే వాణ్ణి తీసుకెళ్ళేవాళ్ళు. నేను చెప్పలేదు."

అవతల కాగితాలు తిప్పిన చప్పుడు వినబడింది. తర్వాత ఆవిడ మెల్లగా, "అయితే తర్వాతి పేషెంటును పిలుస్తామమ్మా. ఆవిడ ఈ ఊళ్ళోనే ఉంది. ఏమీ అనుకోకండి" అంది.

"పిలవండి. తొందరగా పిలవండి" అంది అక్క.

ఫోను పెట్టేసి తిరిగితే తమ్ముడు ఆమెనే చూస్తున్నాడు. అంతా విన్నాడు. వాడు అరుస్తాడనుకుంది, అరవాలనే కోరుకుంది. వాడు ఉబ్బిన కాళ్ళు బెంచీ కింద చాపుకుని, గట్టిగా ఊపిరి వదిలాడు.

"అయితే నీళ్ళ వల్ల కాదన్నమాట" అన్నాడు.